కార్మిక సంఘములు - సామాజిక మాధ్యమములు

నేడు కార్మిక సంఘములు పెక్కులు ఫేస్‌బుక్కునందును వాట్సాపునందును సభ్యులకు వార్తలు పంపుచున్నవి. సభ జరుగు తేదీ, నాయకుని ఛాయాచిత్రము, సన్మానపు పూలదండలు - వానిలో తరచుగా గానవచ్చునవి యివియే. సభ్యుడు వినవలసినవాడే గాని పలుకవలసినవాడు కాడను భావము వీనికి మూలము. ఆ భావము తలక్రిందులైనచో నేమగునో యెరుంగగోరువారు అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున 2018లో జరిగిన యుపాధ్యాయుల సమ్మెను పరికింతురు గాక.

అది బొగ్గుగనుల సీమ. 1921లో బ్లెయిర్ పర్వతముకడ గనికూలీలు తుపాకులు పట్టి పోరిన చోటు. అయినను అచటి ప్రభుత్వోద్యోగులకు సమష్టిగా బేరమాడు హక్కు చట్టమున లేకుండెను. బడి యుద్యోగుల సంఘములు మూడుగా చీలియుండెను. జీతములు స్వల్పము, ఆరోగ్యబీమా భారము నానాటికి నధికము. ఇట్లుండగా, నడచిన యడుగులు లెక్కించు నొక యాప్‌ను ఫోనులో నుంచుకొనవలెననియు, లేనిచో నెలకు 25 డాలర్లు అదనముగా నిచ్చుకొనవలెననియు నొక ప్రతిపాదన బయలుదేరెను. పంతుళ్ల కాలియడుగులను సైతము దొరతనము లెక్కింపబూనెనన్నమాట!

2017లో నిద్దరుపాధ్యాయులు ఫేస్‌బుక్కున నొక రహస్య బృందమును నెలకొల్పిరి. సమ్మెనాటికి అందలి సభ్యులు 20,000 మించిరి. ఏ సంఘమువారైనను, ఏ సంఘమునకు చెందనివారైనను అచట నొకరి కష్టమొకరు వినిరి, ప్రశ్నించిరి, వాదులాడిరి. ఫిబ్రవరి 22వ తేదీని 55 కౌంటీలలోను బడులు మూతపడెను. పేదపిల్లలు పస్తుండకుండ నుపాధ్యాయులే యాహారపు పొట్లములు సమకూర్చిరి.

27వ తేదీని గవర్నరు జిమ్ జస్టిసును సంఘనాయకులును 5 శాతము హెచ్చింపుతో రాజీ కుదిరినదని ప్రకటించి, బడులకు మరలుడనిరి. శాసనసభ యింకను ఒప్పుకొనలేదు. బీమా సంగతి తేలలేదు. సభ్యులు కదలలేదు. ఎవరేమి తలంచుచున్నారో కౌంటీ కౌంటీకి నప్పటికే తెలిసియుండెను. కడకు నాయకులే సభ్యుల వెంట నడచిరి. మార్చి 6వ తేదీని 5 శాతపు హెచ్చింపు రాష్ట్రోద్యోగులందరికిని చట్టమయ్యెను. బీమా మాత్రము ఒక యుపసంఘమునకు బోయెను.

ఈ జయమునంతయు యంత్రమునకు గట్టరాదు. బడివాకిట ముఖాముఖి మాటలును, కౌంటీలలో తీసిన యోట్లును లేనిచో నాబృందము రచ్చబండగనే మిగిలియుండును. పైగా నది పరుల యిల్లు. సమ్మెదారుల పేర్లన్నియు నొక కంపెనీ పెట్టెలో నుండుట సంఘములు మరువరాని యపాయము.

మన సంఘముల వాట్సాపు బృందములలో, నిర్వాహకులు దక్క నన్యులు వ్రాయరాదని తాళము వేయుట కొన్నియెడల వాడుక. యజమానితో నొడంబడికపై చేవ్రాలు చేయుటకు ముందొక వారమైనను ఆ తాళము తీసి, షరతులను సభ్యుల యెదుట బెట్టవలసినదని నాయకులను కోరుచున్నాము.