పన్నెండు మెట్ల కిన్నెర

గద్వాల, వనపర్తి సంస్థానములు కవులకును పండితులకును ఆశ్రయమిచ్చిన సంగతి పాఠకులు ఎరిగినదే. ఆ సభలకు వెలుపల, పల్లెపట్టుల మరియొక విద్య పెరిగినది. దానికి తాళపత్రములు లేవు. తండ్రి గొంతునుండి కొడుకు గొంతునకు వచ్చినదే దానికి గ్రంథము. అది కిన్నెర విద్య. నాగర్‌కర్నూల్ జిల్లా, లింగాల మండలము, అవుసలికుంటకు చెందిన శ్రీ దర్శనం మొగులయ్యగారు ఆ విద్యవలననే లోకమునకు తెలిసిరి.

కిన్నెర చూపునకు వీణకు దూరపు చుట్టమువలె ఉండును. వెదురు దండమునకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, దానిపై మెట్లను తేనె మైనముతో నిలుపుదురు. తీగ మీటినపుడు పుట్టిన సన్నని ధ్వనిని బుర్రలు పెంచి వినిపించును. వ్రేలు మెట్టునుండి మెట్టునకు జరిగినకొలది మ్రోగెడి తీగ నిడివి తగ్గి స్వరము హెచ్చును. కావున మెట్లు పెరిగిన పాటకు చోటు పెరుగును. మొగులయ్యగారి కిన్నెరకు పన్నెండు మెట్లు.

ఆ మెట్లపై నడచునవి పాలమూరు వీరుల కథలు: పండుగ సాయన్న, మియాసాబు, ఎండబెట్ల ఫకీరయ్యగౌడు. కలవారిని కొట్టి లేనివారికి పెట్టినవాడని సాయన్నను ఇక్కడి ప్రజలు నేటికిని తలచుకొందురు. గాయకుడే వాదకుడు, వాదకుడే కథకుడు. ఒక్క మనిషియే ఒక మేళము.

ఇట్టి బహుముఖ ప్రజ్ఞ మన పల్లెలకే పరిమితము కాదు. ఆఫ్రికానుండి బానిసలుగా అమెరికాకు కొనిపోబడినవారు బుర్రకాయతో చేసికొన్న తీగవాద్యమే బాంజోకు మూలము. తొలినాటి జాజ్ మేళములలో ఆ బాంజో మ్రోగినది. ఆ సంగీతమునుండి వచ్చిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా ఊదెను, పాడెను, చలనచిత్రములలోను కనిపించెను.

మొగులయ్యగారికి వెండితెర ఆలస్యముగా అందినది. తెలంగాణ ప్రభుత్వము అంతకు పూర్వమే ఆయన కళను ఎనిమిదవ తరగతి పాఠ్యపుస్తకమున చేర్చినది. 2021 సెప్టెంబరులో తమన్ స్వరపరచిన ‘భీమ్లా నాయక్’ పాట వెలువడెను. అందు మొదట వినవచ్చిన గొంతు ఆయనదే. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ చిత్రము విడుదలయ్యెను. ఆ 2022వ సంవత్సరముననే ఆయనకు పద్మశ్రీ లభించినది.

అయినను 2024లో ఆయన భవన నిర్మాణపు కూలిపనికి పోవుచున్నారని పత్రికలు వ్రాసినవి. కీర్తి వేరు, జీవిక వేరు. సినిమా పాటలో కిన్నెరకు దొరికినది కొద్ది క్షణములే. వీరగాథకు అవి చాలవు. దానికి తీరిక గల శ్రోతలు కావలెను. వినువారు లేనిచోట ఏ కొడుకును తండ్రి విద్యను నేర్వడు.

రేడియోలో విని ఆనందించుట మంచిదే. మేమును దానినే కోరుదుము. కాని మీ ఊరి జాతరకు కిన్నెర వచ్చినచో పిల్లలను వెంటబెట్టుకొని పొండు. కథ ముగియువరకు కూర్చుండి వినుడు. లేవబోవు ముందు ఆ కళాకారునికి మీకు తోచినది ఇచ్చి రండు.