కదలని బండికీ కాపలా కావాలి

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో కలమల్ల అనే ఊరు ఉంది. అక్కడి చెన్నకేశవ ఆలయ ప్రాంగణంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముతురాజు ధనంజయుని తెలుగు శాసనం దొరికింది. అది క్రీ.శ. 575 ప్రాంతానికి చెందినది. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాలలో అదే మొదటిదని పండితులు చెబుతారు. రాతి మీద చెక్కిన ఆ అక్షరాలు పద్నాలుగు వందల ఏళ్ళ తరువాత కూడా చదవడానికి మిగిలాయి.

అదే ఊరి పొలిమేరలో ఒక ఇనుప ట్రాలీని ఆరుబయట వదిలేసి చూడండి! కొన్ని ఏళ్ళకే అడుగురేకు పొరలుపొరలుగా ఊడి, చిల్లులు పడుతుంది. ఎందువల్ల?

ఇనుము గనిలో దొరికేటప్పుడు ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. మనం కొలిమిలో వేడిచేసి దానిని విడదీస్తాము. నీరు, గాలి రెండూ దొరికితే చాలు, ఇనుము మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. అదే తుప్పు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత అది పైనున్న రంగును పొక్కులుగా లేపుతుంది. ఆ పొక్కుల కిందికి మళ్ళీ నీరు చేరుతుంది. ఈ విధంగా ఒక చుక్క తుప్పు రేకంతా పాకుతుంది.

మంచు చేసే పని

కడప ప్రాంతపు నల్లరేగడి నేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తుతారు. అప్పుడు ట్రాక్టరుకు గొర్రు తగిలిస్తారు. ట్రాలీని విప్పి ఏ వేపచెట్టు కిందనో నిలిపివేస్తారు. మళ్ళీ శనగ నూర్పిళ్ళ దాకా దానికి పెద్దగా పని ఉండదు. అంటే చలికాలమంతా అది బయటే ఉంటుంది.

చలి దేశాలలో విహారయాత్రలకు వాడే ఇల్లులాంటి ట్రైలర్లు ఉంటాయి. వాటినీ చలికాలంలో ఇలాగే నిలిపి ఉంచుతారు. అక్కడ భయం గడ్డకట్టే నీటితో. నీరు మంచుగడ్డగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గొట్టాలు పగులుతాయి. అందుకని గొట్టాల్లోని నీరంతా ముందే తీసివేస్తారు.

మన దగ్గర నీరు గడ్డకట్టదు, కాని మంచు కురుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ఇనుపరేకు తన వేడిని త్వరగా పోగొట్టుకొని, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. గాలిలోని నీటి ఆవిరి దాని మీద బిందువులుగా చేరుతుంది. వాన లేని రోజున కూడా రేకు తడవడానికి కారణం ఇదే. మూలల్లో ఎరువు, బురద, రాలిన ఆకులు ఉంటే ఆ తడి మధ్యాహ్నం దాకా ఆరదు. ఎరువులోని లవణాలు నీటిలో కరిగి తుప్పును మరింత తొందరపెడతాయి.

"అయితే ప్లాస్టిక్ పట్ట చుట్టేస్తే సరి" అంటారేమో. అదే పొరపాటు! నేలలోని తేమ పగలు ఆవిరై పట్ట కిందికి చేరుతుంది, రాత్రి నీరై రేకు మీద పడుతుంది. బయటికి పోయే దారి దానికి లేదు.

టైరుకూ ముసలితనం ఉంది

ఒక ఏడు నూర్పిళ్ళ రోజుల్లో నాకు తెలిసిన ఒక రైతు శనగ బస్తాలు వేసుకొని వెళుతుండగా ట్రాలీ టైరు పగిలింది. బస్తాలన్నీ రోడ్డు పాలయ్యాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగలలేదు. టైరు అరగలేదు, గాలీ సరిగానే ఉంది. కాని దాని పక్కల నిండా సన్నని పగుళ్ళు!

గాలిలో కొద్దిపాటి ఓజోన్ వాయువు ఉంటుంది. అది సాగి ఉన్న రబ్బరును కొరుకుతుంది. సూర్యుని అతినీలలోహిత కిరణాలు కూడా రబ్బరును పెళుసుగా చేస్తాయి. వీటినుండి కాపాడేందుకు టైరులో ఒక రకమైన మైనాన్ని కలుపుతారు. టైరు తిరుగుతూ వంగినప్పుడల్లా ఆ మైనం పైకి వచ్చి పలుచని పొరగా నిలుస్తుంది. కదలని టైరులో ఆ పని సరిగా జరగదు. పైగా బరువంతా ఒకేచోట పడి టైరు పక్కలు ఉబ్బి సాగి ఉంటాయి. కనుక వాడిన టైరుకన్నా వాడని టైరే ఒక్కొక్కసారి ముందు చెడుతుంది.

ఏమి చేయాలి?

ట్రాలీని నిలిపే ముందు కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాలి. తుప్పును గరుకు కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన రంగు వేయాలి. ఇరుసు బేరింగులకు గ్రీజు పట్టించాలి. గ్రీజు ఉన్నచోట నీటికి చోటుండదు. నీరు నిలవని గట్టినేల మీద, ముందు భాగం కొంచెం ఎత్తుగా, వెనుక తలుపు తెరిచి ఉంచితే వాననీరు జారిపోతుంది. మధ్యలో వెదురు కట్టి, ఇంటి కప్పులాగా పట్ట వేయాలి. రెండువైపులా గాలి ఆడాలి. ఇరుసు కింద మొద్దులు పెట్టి చక్రాలపై బరువు తగ్గించాలి, టైర్లను గోనెపట్టాలతో కప్పాలి. జాకీ పని పెద్దలకే వదలండి. జాకీ మీదనే నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు.

మీరే చేసి చూడండి

ఒకే రకం రబ్బరు బ్యాండ్లు రెండు తీసుకోండి. ఒకదానిని చెక్కకు కొట్టిన రెండు మేకుల మధ్య సాగదీసి మిద్దె మీద ఎండలో ఉంచండి. రెండవదానిని సాగదీయకుండా డబ్బాలో మూసిపెట్టండి. వారానికొకసారి రెండింటినీ పోల్చి చూసి, నోటు పుస్తకంలో రాయండి. సాగి ఉన్న బ్యాండు మీద పగుళ్ళు ఏ దిశలో పడ్డాయో గమనించండి.

తరువాత మీ ఇంటి ట్రాలీయో, పొరుగువారి ట్రాలీయో రోడ్డెక్కే ముందు ఒకసారి దాని చుట్టూ తిరగండి. టైరు పక్కలు చూడండి. వెనుకనున్న ఎర్రని రిఫ్లెక్టర్ల మీది దుమ్ము తుడవండి. చీకట్లో వెనుక వచ్చేవారికి ఆ బండి ఉన్నదని చెప్పేవి అవే. ఏదైనా లోపం కనిపిస్తే పెద్దలకు చెప్పండి. "నీకేం తెలుసు?" అని ఎవరైనా అంటే, మీ రబ్బరు బ్యాండును చూపించండి!