పాత బ్రౌజర్... దొంగకి దారి తెలిసిన ఇల్లే!

‘అప్‌డేట్ చేయండి’ అని ఫోన్ అడగ్గానే ‘తర్వాత’ అని నొక్కేస్తుంటాం. డేటా అయిపోతుందనో, స్టోరేజీ లేదనో, బానే పనిచేస్తోందిగా అనో పక్కన పెట్టేస్తాం. కానీ బ్రౌజర్ విషయంలో మాత్రం ఈ వాయిదా చాలా ప్రమాదం.

ఎందుకంటారా? 2023 సెప్టెంబరులో ఏం జరిగిందో చూడండి. నెట్‌లో మనం చూసే ఫొటోలు చాలా ‘వెబ్‌పీ’ ఫార్మాట్‌లో ఉంటాయి. వాటిని తెరిచి చూపించే కోడ్‌లో ఓ లోపం బయటపడింది. యాపిల్ భద్రతా బృందం, టొరంటో యూనివర్సిటీలోని సిటిజన్ ల్యాబ్ దాన్ని గుర్తించి గూగుల్‌కి చెప్పాయి. అప్పటికే హ్యాకర్లు ఆ లోపాన్ని వాడేస్తున్నారు. వాళ్లు తయారుచేసిన ఫొటో ఉన్న పేజీ తెరిస్తే చాలు, మన ఫోన్లో వాళ్ల కోడ్ నడిచే ప్రమాదం ఉంది. ఏ ఫైలూ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు! క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్... అన్నీ అదే కోడ్ వాడుతుండటంతో రోజుల్లోనే వరసగా అప్‌డేట్లు ఇచ్చాయి.

అసలు మెలిక ఇక్కడే ఉంది. క్రోమ్‌కి ఆధారమైన ‘క్రోమియం’ కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఏం మార్చారో చూస్తే, కన్నం ఎక్కడుందో దొరికిపోతుంది. అంటే అప్‌డేట్ రాకముందు కొందరికే తెలిసిన దారి, వచ్చాక ఇంకెందరికో తెలుస్తుంది. ఇక ‘తర్వాత’ అన్నవాళ్లే టార్గెట్! ఈ గ్యాప్ తగ్గించడానికే 2023 ఆగస్టు నుంచి క్రోమ్ భద్రతా అప్‌డేట్లని వారం వారం ఇస్తోంది.

మరి మనమేం చేయాలి?

• ప్లేస్టోర్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, ‘మేనేజ్ యాప్స్ అండ్ డివైస్’లోకి వెళ్లండి. క్రోమ్‌తోపాటు ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’నీ అప్‌డేట్ చేయండి. చాలా యాప్‌ల లోపల వెబ్ పేజీలు తెరిచేది అదే.

• ఐఫోన్‌లో సఫారీకి విడిగా అప్‌డేట్ ఉండదు. ఐఓఎస్‌ని అప్‌డేట్ చేస్తే సరి.

• కంప్యూటర్‌లో అప్‌డేట్ దిగినా, బ్రౌజర్ మూసి మళ్లీ తెరిస్తేనే అమల్లోకి వస్తుంది. వారాల తరబడి ట్యాబులు తెరిచే ఉంచేవాళ్లూ... వింటున్నారా?

• ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకి క్రోమ్ 138తోనే కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. కొత్త ఫోన్ కొనుక్కుని పాతది అమ్మకో నాన్నకో ఇచ్చారా? అయితే సెట్టింగ్స్‌లో వెర్షన్ ఎంతో ఓసారి చూడండి. 9, అంతకన్నా తక్కువైతే అందులో బ్యాంకు, యూపీఐ పనులు వద్దని చెప్పండి. పాపం, ఆ ఫోన్ వాళ్లని ‘అప్‌డేట్ చేయండి’ అని కూడా అడగదు!