జూదవ్యసనము : తన్ను తాను విడిపించుకొనుట ఎట్లు?

జూదము మనకు క్రొత్త కాదు. ఋగ్వేదము పదవ మండలములో పాచికలను గూర్చి ఒక సూక్తమే కలదు. అందు జూదరి తన భార్య దూరమైనదనియు, తాను అప్పులపాలైతిననియు వాపోవును. భారతములో నలుడును, ధర్మరాజును రాజ్యములు పోగొట్టుకొన్నది పాచికలతోనే. ఇన్ని వేల సంవత్సరములుగా పెద్దలు నీతి బోధించుచున్నను ఈ వ్యసనము పోలేదనగా, నీతిబోధ ఒక్కటే దీనికి మందు కాదని తెలియుచున్నది. మనిషిని జూదమునకు కట్టివేయు కారణములను గణితశాస్త్రము కొంతయు, మనశ్శాస్త్రము కొంతయు, మెదడును గూర్చిన పరిశోధనలు కొంతయు వెల్లడించినవి. ఆ కారణములు తెలిసినచో, జూదరి తన స్వప్రయత్నముచేత బయటపడు మార్గములు కూడ తెలియును.

లెక్క ఏమి చెప్పుచున్నది?

సంక్రాంతి దినములలో మా నర్సీపట్నము ప్రాంతమునందును, గోదావరి జిల్లాలయందును కోడిపందెముల బరుల ప్రక్కన పేకాట, గుండాట వంటివి సాగుట అందరెరిగినదే. ఆరు బొమ్మల పాచికలతో ఆడు ఆటను ఉదాహరణగా తీసికొందము. పాచికల సంఖ్యయు, చెల్లింపు పద్ధతియు చోటుకొక విధముగా నుండవచ్చును. లెక్క కొరకు మూడు పాచికలు వేయుదురనుకొందము. మనము ఒక బొమ్మపై ఒక రూపాయి పెట్టితిమి. ఆ బొమ్మ ఒక పాచికపై వచ్చిన ఒక రూపాయి, రెండింటిపై వచ్చిన రెండు, మూడింటిపై వచ్చిన మూడు రూపాయలు లాభము. ఒక్కదానిపై కూడ రానిచో మన రూపాయి పోవును.

ఆటగాడు ఇట్లు తలచును: "ఒక పాచికపై నా బొమ్మ వచ్చుటకు ఆరింట ఒక వంతు అవకాశము. పాచికలు మూడు గనుక ఆరింట మూడు వంతులు, అనగా సగము. ఇది న్యాయమైన ఆటయే." ఇచ్చటనే పొరపాటున్నది. మూడు పాచికలు పడగల విధములు మొత్తము 6 × 6 × 6 = 216. మన బొమ్మ ఎచ్చటను రాని విధములు 5 × 5 × 5 = 125. ఒక్కదానిపై మాత్రమే వచ్చునవి 75, రెండింటిపై వచ్చునవి 15, మూడింటిపై వచ్చునది 1. కనుక గెలుపునకు అవకాశము 216లో 91 మాత్రమే, నూటికి 42.

ఇక డబ్బు సంగతి చూతము. 216 పర్యాయములు ఆడగా ప్రతి విధమును ఒక్కొక్కసారి పడినదనుకొన్నచో, వచ్చు లాభము 75 + 30 + 3 = 108 రూపాయలు. పోవునది 125 రూపాయలు. నికరనష్టము 17 రూపాయలు. అనగా పెట్టిన ప్రతి నూరు రూపాయలకు దాదాపు 8 రూపాయలు ఆట పెట్టినవాని పాలగును. పందెమునకు నూరు చొప్పున గంటకు ముప్పది పందెములాడువానికి సగటున గంటకు రూ. 236 నష్టము. ఒకనాడు గెలువవచ్చును, మరియొకనాడు ఎక్కువగా ఓడవచ్చును. కాని ఆట ఎంత ఎక్కువ సాగిన లెక్క అంత గట్టిగా నిజమగును.

రెండవ పొరపాటు, "ఇంతసేపు రాలేదు, ఇక వచ్చితీరును" అను నమ్మకము. 1913 ఆగస్టు 18న మాంటికార్లో జూదశాలలో తిరుగుడు చక్రముపై గోళీ వరుసగా 26 సార్లు నలుపు గడిలో పడినది. ఇక ఎరుపు రాక తప్పదని ఎందరో ఎరుపుపై డబ్బు కుమ్మరించి నష్టపోయిరి. చక్రమునకు గాని, పాచికకు గాని వెనుకటి సంగతి తెలియదు. ప్రతి పర్యాయమును అది క్రొత్త ఆటయే. ఉపాధ్యాయులు తరగతిలో ఒక రూపాయి నాణెమును నూరుసార్లు ఎగురవేయించి ఫలితములను వ్రాయించవచ్చును. వరుసగా ఐదు బొమ్మలో, ఐదు బొరుసులో దాదాపు ప్రతి జట్టునకును కనబడును. ఇందులో వింతయేమియు లేదని విద్యార్థులు తామే గ్రహింతురు.

తెలిసియు ఏల మానలేరు?

లెక్కలు వచ్చినవారు కూడ జూదమున చిక్కుకొనుచున్నారు. కారణమేమి? అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు ఫెర్‌స్టర్, స్కిన్నర్ పావురములపై చేసిన ప్రయోగములను 1957లో గ్రంథముగా ప్రకటించిరి. మీటను ముక్కుతో పొడిచినపుడు పావురమునకు గింజలు లభించును. ఎన్నిసార్లు పొడిచిన గింజ వచ్చునో నిర్ణయము లేకుండ చేసినపుడు పావురము మిక్కిలి వేగముగా, ఎడతెగక పొడుచుచుండెను. గింజలు పూర్తిగా ఆగిపోయిన తరువాత కూడ చాలసేపు మానలేదు. జూదములో గెలుపు సరిగా ఇట్లే, ఎప్పుడు వచ్చునో తెలియకుండ వచ్చును.

మెదడులో డోపమిన్ అను రసాయనమును వెలువరించు నాడీకణములు కలవు. షుల్ట్జ్, అతని సహచరులు కోతులపై చేసి 2003లో ప్రకటించిన పరిశోధనలో, పండ్లరసము వచ్చునో రాదో సరిగా సగముసగముగా ఉన్నపుడు, ఎదురుచూచు సమయమున ఈ కణముల చలనము అన్నిటికంటె ఎక్కువగా నుండెను. కనుక జూదరిని పట్టి ఉంచునది గెలిచిన సొమ్ము మాత్రమే కాదు, ఎదురుచూపు కూడ. త్రుటిలో తప్పిన ఓటమి సంగతి మరింత విచిత్రము. అట్టి ఓటమి, గెలుపునకు స్పందించు మెదడు భాగములనే కదలించుచున్నదని క్లార్క్, అతని సహచరులు 2009లో చూపిరి. ఓడినవానికి అది "కొంచెములో పోయినది" అని తోచి, మరల ఆడించును. పోయిన సొమ్మును రాబట్టుకొనవలెనను ఆత్రముతో అప్పుచేసి ఆడుట ఈ వ్యసనమునకు ముఖ్యలక్షణము.

అమెరికా మనోవైద్యుల సంఘము 1980లో దీనిని రోగముల పట్టికలో చేర్చినది. 2013లో మద్యము, మాదకద్రవ్యముల వ్యసనముల సరసనే ఉంచినది. జూదరి సోమరియనియో, దుష్టుడనియో నిందించుటవలన ప్రయోజనము లేదు.

స్వప్రయత్నమునకు ఫలమున్నదా?

ఉన్నది. అమెరికాలో జరిగిన రెండు దేశవ్యాప్త సర్వేలను స్లట్‌స్కే 2006లో పరిశీలించెను. ఒకప్పుడు తీవ్రమైన జూదవ్యసనము కలవారిలో మూడవ వంతునకు పైగా, గడచిన సంవత్సరములో ఏ బాధయు లేకుండ ఉండిరి. చికిత్సకు వెళ్లినవారు మాత్రము పదిమందిలో ఒకరే. అనగా కోలుకొన్నవారిలో చాలమంది చికిత్స లేకయే కోలుకొనిరి. కెనడాలో హాడ్జిన్స్, అతని సహచరులు 2001లో ప్రకటించిన పరిశోధన మరియొక విషయము తెలిపినది. జూదము మానుటకు అభ్యాసములు గల పుస్తకము మాత్రమే ఇచ్చినవారికంటె, పుస్తకముతోపాటు ఒకసారి టెలిఫోనులో ప్రోత్సాహముగా మాటలాడినవారికి ఎక్కువ మేలు కలిగినది. జూదరులు తమలో తాము కూడి ఒకరికొకరు తోడ్పడు సంఘము 1957లోనే లాస్ ఏంజిలిస్‌లో ప్రారంభమైనది. కనుక స్వప్రయత్నమనగా ఒంటరిగా పోరాడుట అని అర్థము చేసికొనరాదు.

చేయదగిన పనులు

మొదటిది, లెక్క వ్రాయుట. గెలిచిన దినము జ్ఞాపకముండును. ఓడిన దినములు మరుపున పడును. తేదీ, ఆడిన కాలము, పెట్టిన సొమ్ము, వచ్చిన సొమ్ము ఒక పుస్తకములో వ్రాసి నెలకొకసారి కూడవలెను. సెల్‌ఫోనులో ఆడినవారికి బ్యాంకు ఖాతాయే సాక్ష్యము.

రెండవది, డబ్బును దూరముగా ఉంచుట. బెల్లమమ్మిన సొమ్ము గాని, నెల జీతము గాని చేతికి వచ్చిన దినమే ప్రమాదకరమైన దినము. ఆ దినము సొమ్మును ఇంటిలో నమ్మకమైనవారి కప్పగించి, రోజుఖర్చు మాత్రమే తీసికొనవలెను. ఫోనుద్వారా పంపగల మొత్తమునకు తక్కువ పరిమితి పెట్టించుకొనవలెను.

మూడవది, ఆటను దూరముగా ఉంచుట. ఇందులో చట్టము కూడ తోడ్పడును. 1974నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టమును 2020లో సవరించి డబ్బుతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము అట్టి ఆటలను, వాటి ప్రకటనలను, వాటికి బ్యాంకులు సొమ్ము చేరవేయుటను దేశమంతట నిషేధించినది. అయినను దొంగదారులుండును గనుక యాప్‌లను తొలగించి, పందెములవారి వాట్సాప్ గుంపులనుండి బయటికి రావలెను. పండుగ మూడు దినములు ఎచ్చట, ఎవరితో గడుపవలెనో ముందే నిశ్చయించుకొనవలెను.

నాలుగవది, కోరిక వచ్చినపుడు ఆగుట. రేవుపోలవరము ఒడ్డున నిలిచి చూచినవారికి అల లేచుట, విరుగుట తెలియును. వ్యసనపు కోరిక కూడ ఇట్లే లేచి విరుగునని అమెరికా శాస్త్రజ్ఞుడు మార్లాట్ బోధించెను. దానితో కలియబడక, దానికి లొంగక, శరీరములో అది ఎచ్చట తెలియుచున్నదో గమనించుచు అరగంట వాయిదా వేయవలెను. ఆ సమయమున నడకకు పోవచ్చును, మిత్రునితో మాటలాడవచ్చును. లొంగని ప్రతిసారియు ఆ కోరిక కొంత బలహీనపడును.

ఐదవది, అప్పులన్నిటిని ఒక కాగితముపై వ్రాసి ఇంటివారికి చూపుట. ఇదియే అన్నిటికంటె కష్టమైన పని. దాచిన అప్పు జూదరిని మరల ఆటవైపు త్రోయును. పోయినది పోయినదని ఒప్పుకొని, నెలకింతయని తీర్చు ఏర్పాటు చేసికొనవలెను. ఇంటివారు జూదరి చేతికి నగదు ఇయ్యక, అప్పు నేరుగా చెల్లించుట మంచిది.

ఆరవది, తప్పటడుగునకు సిద్ధపడుట. రెండు నెలలు మానినవాడు ఒకనాడు ఆడవచ్చును. "అంతయు పాడైనది, ఇక ఆడినను ఒకటే" అనుకొనుటయే అసలు ప్రమాదము. ఆనాడే ఆపి, ఏ పరిస్థితి తన్ను లాగినదో పుస్తకములో వ్రాసికొనవలెను.

ఎప్పుడు ఇతరుల సాయము కావలెను?

ఈ పద్ధతులు కొన్ని వారములు పాటించియు మానలేకపోయినచో, లేదా మద్యము, దిగులు, నిద్రలేమి తోడైనచో వైద్యుని చూడవలెను. అప్పుల భారముతో ప్రాణము తీసికొనవలెనను తలపు కలిగినచో ఒక్క దినము కూడ ఆగరాదు. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబగళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. విశాఖపట్నములో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. అట్టివానిని ఇంటివారు ఒంటరిగా విడువరాదు. అప్పు ఎంతదైనను తీర్చుకొనుటకు వ్యవధి కలదు.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల బాధ్యత ఇందులో తక్కువది కాదు. విద్యార్థి ఫోనును దాచుట, స్నేహితులవద్ద చేబదులు తీసికొనుట, క్రికెట్ పందెముల మాటలే మాటలాడుట కనబడినచో, పదిమందిలో అవమానింపక ఏకాంతముగా అడిగి తెలిసికొనవలెను. సంభావ్యత పాఠము చెప్పునపుడు పై మూడు పాచికల లెక్కను పిల్లలచేతనే చేయించవలెను. 216లో 17 అను అంకెను తన చేతితో రాబట్టిన బాలుడు, రేపు బరివద్ద నిలిచినపుడు దానిని జ్ఞాపకము తెచ్చుకొనగలడు.