అడుగున ముల్లంగి... పైన కానాగంత

సియోల్‌లోని నామ్‌దేమున్ మార్కెట్‌లో, కొట్ల మధ్య ఓ ఇరుకు సందు ఉంది. చేపల కూర సందు అంటేనే అందరికీ తెలుస్తుంది. పొయ్యిల మీద సొట్టలు పడ్డ చిన్న చిన్న గిన్నెలు, వాటిలో కుతకుతలాడే ఎర్రటి పులుసు. పులుసు అన్నాను గానీ, తప్పు. అది ఇగురు. కొరియన్లు జోరిమ్ అంటారు. జోరిదా అంటే నీరు ఇగిరి ముక్కకు పట్టేదాకా ఉడికించడం. మన ఇగురుకు ఆ పేరు ఎలా వచ్చిందో, వాళ్ల కూరకూ అలాగే వచ్చింది. చింతపండు లేదు, పోపు లేదు, నూనె చుక్క కూడా అక్కర్లేదు.

ఆ సందులో ఉడికేది గల్చి, మన సావళ్ల జాతి చేప. ఇళ్లలో గొదుంగొ కూడా అంతే మామూలు. అది మన కానాగంతకు దగ్గరి చుట్టం. ఈ రెండు తీరాల చేపల మీద వచ్చిన పుస్తకాల వెనక ఓ చిన్న కథ ఉంది. 1801లో కొరియా రాజ్యం క్రైస్తవుల మీద విరుచుకుపడినప్పుడు చోంగ్ యాక్‌జోన్ అనే పండితుడు ప్రవాసం పాలయ్యాడు. హుక్సాన్ దీవిలో ఉంటూ, అక్కడివాళ్లను అడిగి తెలుసుకుని, 1814లో సముద్ర జీవుల మీద ‘జాసాన్ ఓబో’ రాశాడు. అంతకు 11 ఏళ్ల ముందే, 1803లో, పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నం చేపల మీద ఓ పుస్తకం అచ్చువేయించాడు. చేపలకు మనవాళ్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. కానాగంత శాస్త్రీయ నామం ‘రాస్ట్రెలిగర్ కనగుర్త’లో ఉన్నది ఆ తెలుగు మాటే.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. ఈ కూరలో చేపకన్నా ముల్లంగే ముఖ్యమని నా అభిప్రాయం. కొరియా ముల్లంగి పొట్టిగా, లావుగా, గట్టిగా, కాస్త తియ్యగా ఉంటుంది. మన ముల్లంగి ఘాటు, నీరు కూడా ఎక్కువ. లావుపాటివి ఏరి, బొటనవేలి మందాన చక్రాలు కోసి, గిన్నె అడుగున పరవాలి. బియ్యం కడిగిన నీళ్లు రెండు కప్పులు పోసి ముందు పది నిమిషాలు ఉడకనివ్వాలి. ఆ నీళ్లు నీచు వాసన తగ్గిస్తాయని కొరియా ఇల్లాళ్ల నమ్మకం. మన అమ్మమ్మలకు ఇది కొత్తేమీ కాదు.

అర కిలో చేపకు మూడు చెంచాల సోయా సాస్, ఒక చెంచా గొచుజాంగ్ (పులియబెట్టిన మిరప ముద్ద), ఒక చెంచా దంచిన వెల్లుల్లి, కాస్త అల్లం, చిటికెడు పంచదార, మూడు చెంచాల గొచుగారు కలిపి ముద్ద చేసుకోవాలి. గారు అంటే పొడి. కారానికి కూడా మర్యాద ఇచ్చారే అని మొదట్లో నవ్వుకున్నాను. ఆ మర్యాద మరిచి, గొచుగారు దొరకని రోజున మూడు చెంచాల గుంటూరు కారం వేశాను. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ పెరుగన్నమే తిన్నాం. గొచుగారు గింజలు తీసి బరకగా కొట్టిన మిరప. దానిలో మంట తక్కువ, రంగూ తీపీ ఎక్కువ. బదులు కావాలంటే బ్యాడిగి మిరపకాయల గింజలు దులిపి, కచ్చాపచ్చాగా దంచుకోండి. సోయాలో ఉప్పు ఉంది కాబట్టి చివరిదాకా ఉప్పు జోలికి పోవద్దు.

ముల్లంగి మీద చేప ముక్కలు పేర్చి, ఈ ముద్ద పైన వేసి, మొదటి ఐదు నిమిషాలు మూత పెట్టకుండా ఉడికించాలి, నీచు ఆవిరితో పోతుంది. తర్వాత సగం మూత వేసి, సన్న సెగ మీద ఇంకో పావుగంట. గరిటె పెట్టి కలిపారో, కానాగంత చెదిరిపోతుంది. గిన్నె కాస్త వాల్చి, అడుగున చేరిన రసాన్ని చెంచాతో తీసి ముక్కల మీద పోస్తూ ఉండాలి. ఈ ఓపికలోనే కూరంతా ఉంది. దించే ముందు ఉల్లికాడలు, రెండు పచ్చిమిర్చి చీలికలు చాలు.

చేప ముక్క బాగుంటుంది, సందేహం లేదు. కానీ రసం పీల్చి గోధుమరంగుకు తిరిగిన ముల్లంగి చక్రాన్ని వేడన్నంలో చిదిమితే, చేప సంగతి కాసేపు మరిచిపోతాం. మర్నాటికి మిగిలితే ఇంకా రుచి. ముల్లంగి మాత్రం ఒకటి ఎక్కువే కొనండి.