ఎక్కే కారు, దిగే కారు

కొత్తగా చేరిన యువ ఇంజనీర్లు నాలుగు డబ్బులు కూడబెట్టగానే నా గదికి వచ్చి అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఏ కారు కొనమంటారు?" కార్ల మీద నాకున్న పిచ్చి బచేలి టౌన్‌షిప్‌లో అందరికీ తెలిసినదే. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: "ఏ కారుతో కొండ దిగుదామనుకుంటున్నారు?" వారు నా వంక వింతగా చూస్తారు.

బైలడిల్లా అంటే ఎద్దు మూపురం అని అర్థం చెబుతారు. 1968లో కిరందుల్‌లోనూ, 1977లో బచేలిలోనూ గనులు ఉత్పత్తి ప్రారంభించిన నాటి నుండి మనవారు ఈ మూపురాన్ని ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు. కారు అమ్మేవారు హార్స్ పవర్ గురించి చెబుతారు. అది ఎక్కుడుకు సంబంధించిన సంగతి. ఎక్కలేని కారు మహా అయితే ఆగిపోతుంది. దిగలేని కారు ఆగదు.

చిన్న లెక్క ఒకటి మనవి చేస్తాను. మనుషులతో, సామానుతో కలిపి 1,000 కిలోల బరువున్న కారు 100 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 10 లక్షల జౌళ్ల స్థితిజశక్తి విడుదలవుతుంది. మూడు లీటర్ల చన్నీటిని మరిగించడానికి దాదాపు ఇంత వేడి కావాలి. వేగం పెరగకుండా దిగాలంటే ఈ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గేరులో ఉంటే ఇంజను కొంత తింటుంది. న్యూట్రల్‌లో ఉంటే దాదాపు మొత్తం బ్రేకుల నెత్తిన పడుతుంది.

ఈ లెక్క పుస్తకంలో చదువుకున్న నాకే అసలు పాఠం 1996లో సాలూరు ఘాట్‌లో జరిగింది. సెకండ్ హ్యాండ్ కారు కొన్న కొత్త. జగదల్‌పూర్, జయపురం, కోరాపుట్ మీదుగా కుటుంబంతో విజయనగరం వెళ్తున్నాము. సుంకి దాటాక దిగుడు మొదలైంది. పెట్రోలు ఆదా అవుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో వదిలాను. నాలుగైదు మలుపులు హాయిగానే సాగాయి. "ఏమిటీ కాలిన వాసన?" అని మా శ్రీమతి అడిగింది. ఏదో లారీది అన్నాను. మరుసటి మలుపులో పెడలు మెత్తగా నేల వరకు దిగిపోయింది. ఇగ్నిషన్ వేసి, మూడవ గేరు, ఆపై రెండవ గేరు బలవంతంగా వేసి, చేతి బ్రేకు లాగుతూ కారును కొండవైపు కాలువలోకి తిప్పాను. ముందు చక్రం కాలువలో దిగబడి నిలిచింది. ఎడమవైపు కొండ ఉండబట్టి సరిపోయింది. మా అమ్మాయి తల్లి ఒడిలో నిద్ర లేవనైనా లేవలేదు. సాలూరు చేరేవరకు శ్రీమతి ఒక్క మాట మాట్లాడలేదు.

అక్కడి మెకానిక్ బయటికి తీసిన బ్రేకు ద్రవం కాఫీ డికాషన్ రంగులో ఉంది. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్. తేమ పట్టాక అది 140 వరకు పడిపోవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి, పెడలు నొక్కితే ఆ బుడగలే నలుగుతాయి గాని బ్రేకు పట్టదు. తప్పు కారుది కాదు. కొన్న నాటి నుండి ద్రవం మార్పించని నాది, న్యూట్రల్‌లో వదిలిన నాది.

ఇక కార్ల మాట. అంబాసిడర్‌ను నేను ఇష్టంగా నడిపాను. 2014లో దాని ఉత్పత్తి ఆగినప్పుడు బాధపడ్డాను కూడా. వెనుక చక్రాలతో నడిచే బండి కనుక ఎక్కుడులో బరువు వెనక్కు జరిగి పట్టు పెరుగుతుంది. అయితే అంత బరువును దించడంలో బద్ధకం పనికిరాదు. ప్రీమియర్ పద్మిని స్టీరింగు పక్కనున్న గేరు కర్రకు అలవాటు పడితే ఎంతో సౌమ్యమైనది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800ను మొదట చూసి అగ్గిపెట్టె అని నవ్విన వారిలో నేనూ ఒకణ్ణి. 796 సి.సి. ఇంజను, 650 కిలోల ప్రాంతపు బరువు. ఆ తేలికదనమే దిగుడులో దాని బలం. ముందు చక్రాల బండి కనుక వానాకాలం కంకర ఎక్కుడులో, వెనుక సీటు నిండా జనం ఉంటే మాత్రం చక్రం జారేది. జిప్సీ, జీపులలోని లో రేంజి గేరును అందరూ ఎక్కడానికే అనుకుంటారు. దిగడానికి దానికి మించిన నేస్తం లేదు.

ఇప్పటి ఎత్తయిన బండ్ల మోజు నాకు అంతగా అర్థం కాదు. చూపుకు ఎస్.యు.వి., నడిచేది మాత్రం రెండు చక్రాలతోనే! అయినా మన గుంతలకు వాటి నేల ఎత్తు ఉపయోగమే, కాదనను. ఏది కొన్నా సరే, ఎర్రధూళిని పొడిగుడ్డతో తుడవవద్దు, రంగు గీసుకుపోతుంది. నీళ్లతో కడగండి. ఎయిర్ ఫిల్టరును పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే చూడండి.

న్యూట్రల్‌లో ఆదా అనే భ్రమ ఈనాటికీ పోలేదు. నేటి ఇంధన ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే దిగుడులో ఇంధన సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఐడిలింగ్‌కు పెట్రోలు కాలుతూనే ఉంటుంది. ఇంజనే ఆపేస్తే బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ అందదు, రెండు మూడు నొక్కులతో పెడలు రాయిలా బిగుసుకుంటుంది. ఎంత ఎక్కుడైతే ఏ గేరో, దిగుడుకూ అదే గేరు అన్న పాత డ్రైవర్ల లెక్క నేటికీ చెల్లుతుంది.

మొన్న ఒక కుర్రవాడు విద్యుత్ కారు కొంటానన్నాడు. సంతోషించాను. నిండు బరువుతో బాగా దిగువకు సాగే కన్వేయర్‌లో మోటారే జనరేటరుగా మారి బెల్టును నిలువరించినట్లు, ఆ కారు మోటారు దిగుడులో బ్యాటరీని నింపుతుంది. "ఆకాశ్‌నగర్‌లో నూటికి నూరు చార్జి చేసుకొని దిగితే?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నిండిన బ్యాటరీలో పట్టదు కదా సార్, బ్రేకులే దిక్కు" అన్నాడు. పైన ఎనభై వద్ద ఆపి, మిగతాది కొండనే నింపనివ్వమన్నాను.

మేము ఇప్పటికీ విజయనగరానికి అదే దారిలో వెళ్తాము. సుంకి దాటగానే మా శ్రీమతి మాట ఆపి, గేరు లివరు వైపు ఒకసారి చూస్తుంది.