చీటీ డబ్బూ... పాత కారూ!

"ఏమోయ్, మార్కాపురంలో పాత హెరాల్డ్ కారు అమ్మకానికుంది. కొని బాగుచేయిద్దాం!" అన్నారు మావారు. ఆయన చూపంతా నా చీటీ డబ్బు మీదే!

1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసిన కారది. ఇంగ్లండులో దీని ఛాసీనే కుదించి 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తెచ్చారు. మోజుపడటంలో తప్పులేదు.

కొనకనమిట్ల నుంచి ఇద్దరం బస్సెక్కాం. కారు ఎర్రగా మెరిసిపోతోంది. టార్చి వేసి కింద చూశాను. ఛాసీని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తుప్పు పెచ్చులుగా రాలింది. ఆర్.సి. అమ్మేవాడి పేరునే లేదు! ఇంజనుదేముంది, మెకానిక్ చూసుకుంటాడు. ఛాసీ పుచ్చిపోయి, కాగితాలూ సరిగా లేకపోతే ఎంత పోసినా చాలదు.

"ఇది వద్దండీ. మంచిది దొరికితే చీటీ డబ్బు నేనే ఇస్తా" అన్నాను. మావారి ముఖం వెలిగింది.

పట్టుచీరైనా మడత విప్పి చూడందే కొనం కదా మనం!